టెక్ సందేహాలు: ట్యాబ్‌లో పదికి పది, నోటుబుక్కులో మూడు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లల ఇంగ్లిష్ చుట్టూనే తిరిగాయి. రాజోలు నుంచి భీమవరం దాకా అడిగింది దాదాపు ఒకటే: ఫోన్లో బాగానే చేస్తున్నాడు, కాగితం మీద పెడితే రావడం లేదేం?

మా బాబు నాలుగో తరగతండి. ట్యాబ్‌లో స్పెల్లింగులు రాయిస్తే పదికి పది. అవే మాటలు బళ్లో డిక్టేషన్ చెబితే మూడు. భయపడుతున్నాడా, వేరే కారణం ఉందా? (ఒక తండ్రి, భీమవరం)

భయం కాదండి, కీబోర్డు. మీవాడు మూడక్షరాలు కొట్టేసరికి పైన పట్టీలో పూర్తి పదం వస్తుంది, దాన్ని నొక్కుతాడు. తప్పు కొట్టినా స్పేస్ నొక్కగానే కీబోర్డే దిద్దేస్తుంది. ఆ పది మార్కులూ నిజానికి కీబోర్డువి.

గూగుల్ వారి కీబోర్డు (జీబోర్డు) అయితే రాసే చోట వేలు పెట్టి కీబోర్డు తెరవండి. పైనున్న పళ్లచక్రం గుర్తు నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. కనిపించకపోతే నాలుగు గడుల గుర్తు నొక్కి లోపల చూడండి. అక్కడ టెక్స్ట్ కరెక్షన్ (కొన్ని వెర్షన్లలో కరెక్షన్స్ అండ్ సజెషన్స్) లోకి వెళ్లి సజెషన్ స్ట్రిప్, ఆటో కరెక్షన్, ఆటో క్యాపిటలైజేషన్, స్పెల్ చెక్ నాలుగూ ఆపండి. గ్లైడ్ టైపింగ్ విడిగా ఉంటుంది, అదీ ఆపండి. వేలు ఈడ్చి రాస్తే అక్షరాలు ఒక్కొక్కటిగా గుర్తుండవు. శాంసంగ్ కీబోర్డులో ప్రిడిక్టివ్ టెక్స్ట్‌తో పాటు ఆటో రీప్లేస్, ఆటో క్యాపిటలైజ్ కూడా ఆపాలి. క్యాపిటలైజేషన్ ఎందుకు ఆపడం అంటారా? వాక్యం మొదట పెద్ద అక్షరం పెట్టడం మూడో తరగతికల్లా చేతికి రావాలి. ఆ పని కీబోర్డు చేస్తున్నంతకాలం రాదు.

ఇక డిక్టేషన్. ఫోన్ రికార్డర్‌లో రోజుకు 6 మాటలు మీ గొంతుతోనే రికార్డు చేయండి. ముందు మాట, తర్వాత ఆ మాట వచ్చే చిన్న వాక్యం, మళ్లీ మాట, ఆపైన 10 సెకన్ల విరామం. వాక్యం లేకపోతే ‘సీ’ అంటే చూడడమా సముద్రమా తెలియదు, స్పెల్లింగు మారిపోతుంది. రాసేది మాత్రం కాగితం మీదే. తప్పు వచ్చిన మాటను పదిసార్లు రాయించకండి, తప్పిన చోట మాత్రమే గీత గీయించండి. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి మన పిల్లలు చెవికి వినపడని అక్షరం దగ్గరే తప్పుతారు. ‘ఫ్రెండ్’లో ఐ, ‘ఐలాండ్’లో ఎస్, ‘నైఫ్’లో కె ఇలాంటివే. మిగతా అక్షరాలు వాడికి వచ్చు.

పాలకొల్లులో డీటీపీ సెంటర్ వాళ్ల చేత వర్క్‌షీటు కొట్టించి వాట్సాప్‌లో పంపించుకున్నాను. ఫోన్లో తెరిస్తే తెలుగు సూచనల చోట పిచ్చి గుర్తులు. ప్రింటు తీస్తే ఇంగ్లిష్ రాతకు వేయించిన నాలుగు గీతలూ చిన్నవైపోయాయి. (ఒక ఉపాధ్యాయిని)

ఇవి రెండూ వేర్వేరు జబ్బులండి.

గుర్తుల సంగతి ముందు. చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ అను ఫాంట్లు వాడతాయి. అది యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే ఉమ్మడి పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టి నడిపే పద్ధతి. ఆ ఫాంటు లేని యంత్రంలో బొమ్మలు పోయి కింది గుర్తులు బయటపడతాయి. అందుకే పేజ్‌మేకర్ ఫైలు గానీ వర్డ్ ఫైలు గానీ తీసుకోవద్దు. ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్ అడగండి. చూడడానికి, ప్రింటు తీయడానికి అది చాలు. కానీ ఆ పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే మళ్లీ అవే గుర్తులు వస్తాయి, చదివి వినిపించే సదుపాయమూ దాని మీద పనిచేయదు. వచ్చే ఏడాది కూడా మార్చుకుంటూ వాడాలంటే మొదటే యూనికోడ్‌లో కొట్టించండి. పాతది అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక వత్తులు, అరసున్నలు ఒక్కొక్కటీ కంటితో చూసుకోవాల్సిందే.

గీతల సంగతి: ప్రింటు తీసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ ఉంటే బొమ్మ కుంచించుకుపోతుంది. ‘యాక్చువల్ సైజ్’ లేదా 100 శాతం ఎంచుకోమనండి. జిరాక్సు షాపులో లీగల్ కాగితం పెట్టి ఏ4 ఫైలు తీస్తే కొలత తేడా వస్తుంది. ఏ4 అంటే 210 × 297 మిల్లీమీటర్లు, లీగల్ దానికంటే సుమారు 6 సెంటీమీటర్లు పొడవు. వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.

మీరు అడగని మాట ఒకటి. వర్క్‌షీట్లో ఇంగ్లిష్‌కు ఏ ఫాంటు పెట్టించారు? టైమ్స్ న్యూ రోమన్‌లో చిన్న ‘ఎ’ నెత్తిన కొక్కెంతో ఉంటుంది, చిన్న ‘జి’కి కింద కళ్లజోడులా రెండో సున్నా ఉంటుంది. బళ్లో బోర్డు మీద మీరు రాసేది అలా కాదు కదా. ఏరియల్‌లో చిన్న ‘ఎల్’, పెద్ద ‘ఐ’ రెండూ ఒకే నిలువు గీత. ఒకటో తరగతి పిల్లకు ఇది చదవడం రాకపోవడం కాదు, అక్షరం ఆనకపోవడం. ఎస్ఐఎల్ సంస్థ కొత్తగా చదవడం నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన ఆండికా ఫాంటు ఉచితం. అందులో ఈ అక్షరాలు చేతిరాతలో ఉన్నట్టే ఉంటాయి. 18 పాయింట్లకు తగ్గకుండా పెట్టించండి.

రెండో తరగతి పాపకు గూగుల్ రీడ్ ఎలాంగ్ పెట్టాం. ‘బుక్’, ‘ఎగ్’ లాంటి తేలిక మాటల దగ్గరే ఆగిపోతోంది. యాప్ పాడైందా? (ఒక తల్లి, రాజోలు)

2019లో బోలో పేరుతో మన దేశంలో మొదలైన యాప్ ఇది. పిల్ల గొంతును ఫోన్లోనే పోల్చి చూసుకుంటుంది. ముందు మైకు సంగతి చూడండి. ఫోన్ కింది అంచున చిన్న రంధ్రం ఉంటుంది, కవరు దాన్ని మూసేస్తోందేమో. సీలింగ్ ఫ్యాను కింద కూర్చుని ఫోన్‌ను మంచం మీద పడుకోబెట్టి చదివితే గాలి మోతే ఎక్కువ వినపడుతుంది. ఫోన్ నోటికి ఒక జానెడు దూరంలో ఉండాలి.

అవి సరిచూశాక కూడా ఆగుతుంటే పలుకులో ఉందన్నమాట. తెలుగు మాట అచ్చుతో ముగియడం మనకు అలవాటు, అందుకే ‘బుక్కు’, ‘బస్సు’ అంటాం. యాప్ ఆ చివరి ఉకారాన్ని ఒప్పుకోకపోవచ్చు. రెండోది, మాట ‘ఎ’తో మొదలైతే ముందు య చేరుస్తాం: యెగ్గు, యెలిఫెంటు. దీనివల్ల వ్యాకరణంలో కూడా ఒక తప్పు పుడుతుంది. చూడ్డానికి సంబంధం లేనట్టుంటుంది గానీ ఉంది. ‘యాన్ ఎగ్’ రాయాల్సిన చోట పిల్లలు ‘ఎ ఎగ్’ రాస్తారు. సూత్రం తెలియక కాదు. వాళ్ల నోట ఆ మాట ‘యె’తో మొదలవుతోంది, య శబ్దం ముందు ‘ఎ’ (a) రావాలని పాఠంలో ఉంది, ‘ఎ యూనిఫాం’ అని నేర్చుకున్నారు. వాళ్ల లెక్క ప్రకారం వాళ్లు రాసింది సరే! కాబట్టి ముందు నోరు దిద్దండి. యాప్‌లో మాట మీద వేలు పెడితే పలికి వినిపిస్తుంది. విని వెంటనే అనమనండి, చివర పెదవులు గుండ్రంగా ముడవకుండా చూడండి.

కథ గడగడా చదివేసి నక్షత్రాలు తెచ్చుకున్నంత మాత్రాన అర్థమైనట్టు కాదు. యాప్ చూసేది పలుకును. చదివాక ఫోన్ పక్కన పెట్టి ‘ఏం జరిగిందో తెలుగులో చెప్పమ్మా’ అనండి.

అమలాపురం దగ్గర ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి కాంప్రహెన్షన్ పేరాలు చాట్ జీపీటీ చేత రాయించుకోవచ్చా? ఒకటి రెండు చేయిస్తే మరీ పెద్ద మాటలు వచ్చాయి. పైగా పిల్లలకు ప్రశ్నలన్నీ ఇట్టే వచ్చేశాయి, నమ్మకం కలగలేదు. (ఒక ఉపాధ్యాయుడు)

నమ్మకం కలగకపోవడమే మంచిదైంది మాస్టారూ. ఈ వాక్యం చూడండి: ‘ద బ్లిమ్ టుక్ ఎ టోమా టు ద గ్రిబ్.’ ఇప్పుడు ప్రశ్న: హూ టుక్ ఎ టోమా? జవాబు: ద బ్లిమ్. ఎక్కడికి? టు ద గ్రిబ్. రెండు మార్కులూ వచ్చేశాయి. బ్లిమ్ ఎవరో, టోమా ఏమిటో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అలాంటి మాటలే లేవు. ప్రశ్నలోని మాటను పేరాలో వెతికి, ఆ వాక్యం ఎత్తి రాసేయడం పిల్లలు త్వరగా పట్టేస్తారు. అడగడంలో జాగ్రత్త లేకపోతే చాట్‌బాట్ ఇచ్చే ప్రశ్నలు చాలావరకు ఇలాంటివే.

‘మూడో తరగతికి తగినట్టు’ అంటే దానికి మన మూడో తరగతి తెలియదు, ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడే పిల్లల స్థాయిలో ఇచ్చేస్తుంది. కొలతలతో అడగండి. 70 నుంచి 80 పదాలు, వాక్యానికి 8 పదాలు మించకూడదు, సింపుల్ పాస్ట్ తప్ప వేరే కాలం వద్దు, కొత్త మాటలు 5 మాత్రమే, ఆ అయిదూ మీరే ఇవ్వండి. విషయం పిల్లలు చూసిందే అయి ఉండాలి. ఉదాహరణకు నర్సాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళుతున్న తాతా మనవరాలు. మధ్యలో తాత ఆకాశం వైపు చూసి పంచదార సంచిని టార్పాలిన్ కిందికి జరిపాడు. పేరాలో ‘రెయిన్’ అన్న మాట ఎక్కడా రాకూడదని గట్టిగా చెప్పండి. తర్వాత ‘తాత దేనికి భయపడ్డాడు?’ అని అడిగితే ఎత్తి రాయడానికి వాక్యం దొరకదు. కాంప్రహెన్షన్ అంటే ఆ ప్రశ్నే.

అయిదు ప్రశ్నలు చాలు: నేరుగా దొరికేవి రెండు, ఏది ముందు ఏది తర్వాత అన్నది ఒకటి, మాటకు ఆ సందర్భంలో అర్థం ఒకటి, ‘ఎందుకు’ ఒకటి. చివరిదానికి జవాబు తెలుగులో చెప్పినా మార్కు ఇవ్వండి. పరీక్షిస్తున్నది అర్థమైందా లేదా అన్నది, వాక్యం కట్టడం ఇంకో పూట చూసుకోవచ్చు.

వచ్చినదాన్ని అలాగే ప్రింటు తీయకండి. పదాల లెక్క తరచు తప్పుతుంది, లెక్కపెట్టుకోండి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలైతే సరైనదే మిగతావాటికంటే పొడుగ్గా ఉండడం మామూలు. పిల్లలు చదవకుండానే పొడుగుది ఎంచుకుంటారు, కాబట్టి నాలుగూ ఒకే పొడవుకు కత్తిరించండి. మన ప్రాంతపు సంగతులు అడిగితే ఏ మొహమాటం లేకుండా కల్పిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ హయాంలో 1847 నుంచి 1852 మధ్య కట్టారు. అది వేరే ఏడాది ఇచ్చిందంటే మిగతావీ అనుమానించాల్సిందే. ఖాతా మీదే ఉండాలి, మీరే వాడాలి. 13 ఏళ్ల లోపు పిల్లలకు చాట్ జీపీటీ అనుమతి లేదు.

ఇదంతా ఎందుకనుకుంటే మన రాష్ట్ర ద్విభాషా పాఠ్యపుస్తకాలే ఉన్నాయి. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లిష్ పేజీ చదివి జవాబు చెప్పాక తెలుగు పేజీ తెరిచి పిల్లలే సరిచూసుకోవచ్చు. ముందు తెలుగు తెరిస్తే మాత్రం పని చెడుతుంది, అది కాగితంతో కప్పించండి.

పుస్తకంలోని క్యూఆర్ కోడ్ దీక్షా యాప్‌లో స్కాన్ కావడం లేదు. (ముమ్మిడివరం)

తడిసి, చెరిగిన కోడ్‌ను కెమెరా చదవలేదు. కోడ్ కింద 6 అక్షరాల సంకేతం అచ్చయి ఉంటుంది, యాప్‌లో దాన్నే టైపు చేయండి.

అంతర్వేది వైపు సిగ్నల్ అంతంతమాత్రం, గాలివాన వస్తే కరెంటూ ఉండదు. నెట్ లేకుండా ఇంగ్లిష్ కథలు వినిపించే మార్గం ఉందా?

ఉంది. సిగ్నల్ ఉన్న చోట రెండు పనులు చేసుకోండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ సైట్లో కథలు స్థాయిల వారీగా ఉంటాయి. మొదటి రెండు స్థాయిల్లోంచి ఓ పది కథలు పీడీఎఫ్‌గా దించుకోండి. వీలైతే అదే కథ తెలుగులోనూ దించండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో ‘టెక్స్ట్ టు స్పీచ్’ అని వెతికి, గూగుల్ ఇంజిన్ పక్కనున్న పళ్లచక్రం నొక్కి, ఇన్‌స్టాల్ వాయిస్ డేటాలో ఇంగ్లిష్ (ఇండియా) దించండి. స్పీచ్ రేటు కాస్త తగ్గించండి. యాక్సెసిబిలిటీలో సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేస్తే తెర మీద ఎంచుకున్న వాక్యాన్ని నెట్ లేకుండానే చదువుతుంది. చదవకపోతే ఆ పేజీ బొమ్మ రూపంలో ఉందన్నమాట. దాని సెట్టింగ్స్‌లో బొమ్మల మీది అక్షరాలు చదివే ఎంపిక ఆన్ చేసి చూడండి.

పదాలకు అర్థాలు గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో చూసి రాసుకోమంటున్నాం. సరైనదేనా? (తణుకు)

మాట ఒక్కటే ఇస్తే కాదు. ‘బ్యాంక్’ అని కొడితే డబ్బుల బ్యాంకే వస్తుంది, పాఠంలో ఉన్నది కాలవ గట్టు కావచ్చు. వాక్యం మొత్తం ఇవ్వండి. ఇంకోటి, ఒక తెలుగు మాటకు ఒక ఇంగ్లిష్ మాట అని పట్టిక రాయిస్తే పిల్లలు చిక్కుకుంటారు. మనకు వరి, వడ్లు, బియ్యం, అన్నం నాలుగు మాటలు. ఇంగ్లిష్‌లో మొదటి రెండూ ప్యాడీ, తర్వాతి రెండూ రైస్. కొబ్బరి దగ్గర ఇంగ్లిష్ కూడా వేర్వేరు మాటలే వాడుతుంది: బొండాం టెండర్ కోకోనట్, ఎండు కొబ్బరి కోప్రా, పీచుతో తీసిన నార కాయిర్. ఇలాంటివి కట్టలుగా రాయించండి, వస్తువు చేతిలో పెట్టి మరీ.

పాఠం యాప్ పెట్టి ఇస్తే రెండు నిమిషాల్లో యూట్యూబ్‌లో తేలుతున్నాడు మనవడు. (ఒక అమ్మమ్మ, రావులపాలెం)

సెట్టింగ్స్‌లో ‘యాప్ పిన్నింగ్’ అని వెతికి ఆన్ చేయండమ్మా. తీసేటప్పుడు పిన్ అడిగే ఎంపిక కూడా పెట్టండి. పాఠం యాప్ తెరిచి, ఈమధ్య వాడిన యాప్‌ల తెరలో దాని గుర్తు మీద నొక్కి పిన్ చేసి ఇవ్వండి. ఆ పిన్ మనవడికి తెలిసిన పుట్టినరోజు మాత్రం కాకుండా చూసుకోండి.