మలుపుల్లో కారు బాగా నిలవాలంటే ఎలాంటి సస్పెన్షన్ స్ప్రింగులు వేయించాలి?

మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ హాట్ హ్యాచ్ (చిన్న కారే, ఇంజన్ మాత్రం బలమైనది), రోజూ తిరిగే కారే, అప్పుడప్పుడూ ట్రాక్ మీదికి తీసుకెళ్తారు. 40 మిల్లీమీటర్లు కిందికి దించే గట్టి స్ప్రింగులు చూసి పెట్టుకున్నారు, షాక్ అబ్జార్బర్లు మాత్రం కారుతో వచ్చినవే ఉంచుతానంటున్నారు. నా మాట వింటే ఆ స్ప్రింగులు వద్దండీ. 15, 20 మిల్లీమీటర్లకు మించి దించకండి, స్ప్రింగులతో పాటు వాటికి సరిపడే షాకులు కూడా మార్చండి. నేనూ ఇలాంటి కారునే ఇదే పనికి వాడుతున్నాను, రకరకాల స్ప్రింగులతో నడిపి చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఎత్తు సంగతి. స్ప్రింగులు అమ్మేవాళ్ళు మొదట చెప్పేది కారు ఎంత దిగుతుందనే. హ్యాండ్లింగ్‌కి కావలసింది మాత్రం, దిగాక చక్రం పైకి రావడానికి ఇంకా ఎంత చోటు మిగిలిందన్న లెక్క. కారు మామూలుగా నిలబడి ఉన్నప్పుడు చక్రానికి, బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేలోపు, 80 మిల్లీమీటర్ల చోటు ఉందనుకోండి. 40 దించితే సగం పోయింది. స్ప్రింగ్ మింగే శక్తి అది నొక్కుకునే దూరానికి వర్గంగా పెరుగుతుంది. అంటే అదే గతుకు దెబ్బని సగం దూరంలో ఆపాలంటే స్ప్రింగ్ నాలుగు రెట్లు గట్టిగా ఉండాలి. కారుని దించడానికి అమ్మే స్ప్రింగులు మామూలుగా 20, 30 శాతం గట్టిగా ఉంటాయి, అంతే. మిగిలిన భారం బంప్ స్టాప్ మీద పడుతుంది.

అది తగిలిన క్షణం నుంచి ఆ చక్రం దగ్గర గట్టితనం ఒక్కసారిగా పెరిగిపోతుంది. మలుపు మధ్యలో ముందు బయటి చక్రం స్టాప్ మీద కూర్చుంటే కారు ముక్కు బయటికి జారుతుంది. వెనక చక్రానికి అదే జరిగితే తోక హఠాత్తుగా తిరుగుతుంది, సర్దుకోవడానికి టైమ్ ఇవ్వదు. సీట్లో కూర్చున్నవాళ్ళకి మాత్రం ‘అబ్బ, కారు ఒరగడమే లేదు, భలే గట్టిగా ఉంది’ అనిపిస్తుంది. మీ కారు అలా కూర్చుంటోందో లేదో తెలుసుకోవడం తేలిక. షాక్ రాడ్‌కి ఒక జిప్ టై బిగించి, కిందికి జరిపి, మీరు మామూలుగా వెళ్ళే దారిలో వెళ్ళి రండి. రాడ్ ఎంతవరకు లోపలికి వెళ్ళిందో ఆ టై చూపిస్తుంది. స్ప్రింగ్ మార్చిన ప్రతిసారీ నేను మొట్టమొదట చేసే పని ఇదే. మీరైతే ఇప్పుడున్న స్ప్రింగుల మీదే చేసి చూడండి.

కారు కిందికి దిగితే గురుత్వ కేంద్రం కూడా దిగుతుంది, అది మంచిదే. కానీ మీ కారుకి ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ షాకూ కలిసి ఒకే నిలువు కడ్డీగా ఉండేవి) ఉంటాయి. ఈ అమరికలో కారు దిగేకొద్దీ రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) అంతకన్నా ఎక్కువగా దిగుతుంది. రెంటి మధ్య దూరం పెరిగి, అదే మలుపులో కారుని ఒరిగించే బలం ఇంకా పెరుగుతుంది. బాగా దించిన కారుకి ఒరగకుండా ఉండటానికే అదనపు గట్టితనం కావలసి వస్తోందంటే, పెట్టిన డబ్బులో సగం అక్కడే పోయినట్టు.

ఇక ఎంత గట్టి స్ప్రింగ్ కావాలన్నది. ఇంకొకరి కారుకి ఏ అంకె వేశారో చూసి అదే తెచ్చుకోకండి. స్ప్రింగ్ గట్టితనం వేరు, చక్రం దగ్గర అందే గట్టితనం వేరు. చక్రం ఒక మిల్లీమీటరు కదిలితే స్ప్రింగ్ ఎంత కదులుతుందో ఆ నిష్పత్తిని మోషన్ రేషియో అంటారు. దాని వర్గంతో స్ప్రింగ్ రేటుని, అంటే స్ప్రింగ్‌ని ఒక మిల్లీమీటరు నొక్కడానికి పట్టే బలాన్ని, గుణిస్తే చక్రం దగ్గరి రేటు వస్తుంది. స్ట్రట్‌లో ఆ నిష్పత్తి దాదాపు 0.95 ఉంటుంది, డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకునే అమరిక) కార్లలో 0.7 ఉండటం మామూలే. 0.7 వర్గం 0.49, అంటే అక్కడ స్ప్రింగ్ బలంలో సగం కూడా చక్రానికి చేరదు. వాళ్ళ అంకె మీకెందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది.

అందుకే నేను లెక్క ఫ్రీక్వెన్సీ నుంచి మొదలుపెడతాను. కారు ఒక మూలన, అంటే ఒక చక్రం మీద, ఉన్న బరువు స్ప్రింగ్ మీద సెకనుకి ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందన్నదే ఫ్రీక్వెన్సీ. మామూలు కార్లు 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటాయి, రోడ్డు మీద నడిచే స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 దాకా వెళ్తాయి, డౌన్‌ఫోర్స్ (గాలి కారుని నేలకి అదిమే బలం) లేని ట్రాక్ కార్లు 2 దాటుతాయి. ఉదాహరణకి ముందు ఒక్కో చక్రం మీద 370 కిలోలు పడుతున్నాయనుకోండి. అందులో చక్రం, హబ్, బ్రేక్ బరువు 40 తీసేస్తే స్ప్రింగ్ మోసేది 330. 1.5 హెర్ట్జ్ కావాలంటే చక్రం దగ్గర మిల్లీమీటరుకు 29 న్యూటన్లు, స్ట్రట్ స్ప్రింగ్ అయితే సుమారు 32.5 న్యూటన్లు ఉండాలి. అదే 2 హెర్ట్జ్‌కి వెళ్తే స్ప్రింగ్ 58 న్యూటన్లకు చేరుతుంది. అంకెలో అర హెర్ట్జే తేడా, స్ప్రింగ్‌లో దాదాపు 80 శాతం. రోజూ గతుకుల మీద తిరిగే కారుకి ఆ తేడా చాలా ఎక్కువ. గట్టి స్ప్రింగ్ మీద టైర్ గతుకు మీంచి ఎగిరి నేల వదిలితే, ఆ క్షణంలో దానికి పట్టే ఉండదు. మీ వాడకానికి ముందు 1.5, 1.6 మధ్య, వెనక దానికన్నా కాస్త ఎక్కువ, 1.7 దాకా చాలు.

వెనక ఎందుకు ఎక్కువంటే, గతుకు ముందు చక్రాలకి మొదట తగులుతుంది, వెనక చక్రాలకి ఆలస్యంగా. వెనక భాగం కొంచెం వేగంగా ఊగితే ముందుదాన్ని అందుకుని రెండూ కలిసి సర్దుకుంటాయి, కారు గుర్రంలా ముందుకీ వెనక్కీ ఊగదు. 1930లలో మారిస్ ఓలీ అనే ఇంజనీరు చెప్పిన సూత్రమిది, నేటికీ చెల్లుతోంది. వెనక బరువు తక్కువ కాబట్టి ఫ్రీక్వెన్సీ ఎక్కువైనా స్ప్రింగ్ అంకె ముందుదానికన్నా చిన్నగానే రావచ్చు, కంగారు పడకండి. ట్విస్ట్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే, మెలిపడగలిగే అడ్డ దూలం) ఉన్న కారులో స్ప్రింగ్ చాలాసార్లు చక్రానికి కాస్త ముందు కూర్చుంటుంది, అక్కడ మోషన్ రేషియో విడిగా కొలవాలి.

అసలు హ్యాండ్లింగ్ ఉండేది ఈ ముందు వెనకల తూకంలోనే. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే మొత్తం బరువు గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు వేగం మీద ఆధారపడుతుంది. స్ప్రింగులు గట్టివి వేసినంత మాత్రాన అది దాదాపు మారదు. స్ప్రింగులు, యాంటీ రోల్ బార్లు (ఎడమ, కుడి చక్రాలని కలిపి కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీలు) కలిసి మార్చగలిగేది, ఆ బరువులో ముందు ఎంత, వెనక ఎంత అన్న వాటా ఒక్కటే. ముందు, వెనకల్లో ఏ వైపు ఎక్కువ గట్టిగా ఉంటే ఆ వైపు బయటి టైర్ ఎక్కువ మోస్తుంది. భారం రెట్టింపైతే టైర్ పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుకే ఆ వైపు ముందుగా జారుతుంది. మీ కారు ముందు చక్రాలే లాగాలి, తిరగాలి, బ్రేక్‌లోనూ పెద్ద వాటా మోయాలి. వాటిని మెత్తగా ఉంచి, వెనక కొద్దిగా గట్టిపరిస్తే ముక్కు లోపలికి తిరుగుతుంది. నా కారులో పెద్ద మార్పు తెచ్చింది వెనక యాంటీ రోల్ బారే. అది కారు ఒరిగినప్పుడే పనిచేస్తుంది, రెండు చక్రాలూ ఒకేసారి గతుకెక్కితే అడ్డురాదు, కాబట్టి రోజువారీ సుఖం పెద్దగా పోలేదు. వానలో మాత్రం జాగ్రత్త. వెనక మరీ గట్టిగా ఉంటే మలుపులో యాక్సిలరేటర్ వదలగానే తోక తిరుగుతుంది.

షాకులు ఎందుకు మార్చమంటున్నానంటే, స్ప్రింగూ షాకూ ఒకే కాడికి కట్టిన జోడెడ్లు. ఊపుని ఆపడానికి కావలసిన డ్యాంపింగ్, స్ప్రింగ్ రేటు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. స్ప్రింగ్ 80 శాతం గట్టిదైతే డ్యాంపింగ్ మూడో వంతు పెరగాలి. పాత షాక్ మెత్తటి స్ప్రింగ్ కోసం చేసింది, గట్టి స్ప్రింగ్ వెనక్కి తన్నేటప్పుడు దాన్ని పట్టుకోలేదు. గతుకు దాటాక కారు ఒకసారి కాకుండా ఇంకోసారి కూడా ఎగురుతోందంటే కారణం అదే. డబ్బు రెండిట్లో ఒకదానికే సరిపోతే నేనైతే మంచి షాకులే కొంటాను, స్ప్రింగులు పాతవే ఉంచుతాను. మెత్తటి స్ప్రింగ్, గట్టి అదుపు ఉన్న షాక్ అన్న దారిలో 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ అనే స్పోర్ట్స్ కారుని హ్యాండ్లింగ్ విషయంలో ఇప్పటికీ మెచ్చుకుంటారు.

ప్రోగ్రెసివ్ స్ప్రింగుల గురించి, అంటే నొక్కుకునేకొద్దీ గట్టిపడే వాటి గురించి కూడా అడిగారు. చాలావాటిలో దగ్గర దగ్గరగా ఉన్న చుట్లు కారు బరువుకే మూసుకుపోతాయి, ఆ తర్వాత అది మామూలు స్ప్రింగే. నిజంగా రేటు మారుతూ పోయేదైతే షాక్‌ని దేనికి సరిచేయాలో తేలదు. ఎంత నొక్కినా రేటు మారని లీనియర్ స్ప్రింగులే తీసుకోండి. చుట్టు కోసి దించే పని మాత్రం అసలు వద్దు. చుట్లు తగ్గితే రేటు పెరుగుతుంది నిజమే, కానీ కోసిన కొస సీటులో సరిగ్గా కూర్చోదు, చక్రం వేలాడినప్పుడు ఊడే ప్రమాదముంది.

బిగించేటప్పుడు రబ్బరు బుష్‌ల (సస్పెన్షన్ కీళ్ళలో ఉండే రబ్బరు తొడుగుల) బోల్టులు కారు నేల మీద, తన బరువు మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించమనండి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి ఉండి త్వరగా చిరిగిపోతుంది. తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. ముందు, వెనక స్ప్రింగులు, షాకులు ఒకేసారి మార్చినా వెనక యాంటీ రోల్ బార్ మాత్రం అప్పుడే వేయకండి, కొన్నాళ్ళు నడిపి, ముక్కు ఇంకా బయటికి పోతోందనిపిస్తేనే వేయండి.

నాలుగు చక్రాల కింద విడివిడిగా బరువు తూయించి, జిప్ టై ఎక్కడిదాకా వెళ్ళిందో కొలిచి ఇక్కడ రాయండి. మీ కారుకి ఏ రేటు సరిపోతుందో లెక్కవేసి చెబుతాను.