నలభై ఎనిమిదేళ్ల బుర్రకి పాఠం ఎక్కాలంటే

అంబాజీపేట

బుజ్జమ్మకి మావయ్య ఆశీస్సులు.

ఓపెన్ డిగ్రీ కట్టావని విని సంబరపడ్డాను. పొద్దున చదివింది సాయంత్రానికి ఉండట్లేదని, బుర్ర మొద్దుబారిందని ఫోన్‌లో ఒకటే గోల పెట్టావు. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ణి కదా, విను.

మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లనే నాడీకణాలున్నాయి. నేర్చుకోవడమంటే ముఖ్యంగా వాటి మధ్య ఉండే సినాప్సులనే అతుకులు బలపడటం. ఆ పని ముసలితనంలోనూ ఆగదు. వేగం తగ్గుతుంది, పేర్లు చప్పున తట్టవు, అంతే. పైగా కొత్త సంగతి తగిలించుకోడానికి నీ బుర్రలో బోలెడు కొక్కేలున్నాయి. ఇరవై ఏళ్ల పిల్లకి అవేవీ? ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయిందని ఊరికే బట్టీపడితే జారిపోతుంది. మీ చేనుకి నీళ్లొచ్చే కాలువ ఆ ఆనకట్ట నుంచే కదా. గట్టు మీద నడిచేటప్పుడు ఆ సంవత్సరాల్ని తలుచుకో.

నువ్వు చేసే తప్పల్లా చదివిందే చదవడం. పేజీ కళ్లకి అలవాటైతే వచ్చేసిందనుకుంటున్నావు. ఒక్కసారి చదివి పుస్తకం ముయ్యి. కొబ్బరి తురుముకుంటూ పైకి అప్పజెప్పు. ఎక్కడో ఆగిపోతావు. వెంటనే చెయ్యి కడుక్కుని పుస్తకం దగ్గరికి పరిగెత్తకు, కాసేపు తడుముకో. ఆ తడుములాటలోనే పాఠం గట్టిపడుతుంది. దొరక్కపోతే అప్పుడు చూసుకో.

తోటలో రోజూ కొబ్బరికాయల దింపు తీయిస్తామా? ఇదీ అంతే. మర్నాడోసారి, నాలుగోరోజు ఓసారి, మళ్లీ వారానికి. కాస్త మరుపు పట్టాక గుర్తుచేసుకుంటేనే నిలుస్తుంది.

ఇక నిద్ర. అరవై ఎనిమిదో ఏట నేను హార్మోనియం మొదలెట్టానా, జంటవరసల్లో ఒకచోట రాత్రి పదిదాకా వేలు తడబడుతూనే ఉంది. విసుగొచ్చి పడుకున్నా. తెల్లారి కాఫీ కూడా తాక్కుండా కూర్చుంటే అదే వరస గడగడా వచ్చేసింది. "నిద్రలో సాధన చేశారా ఏంటండీ" అంది మీ అత్తయ్య. ఒక రకంగా నిజమే. పగలు పనిచేసిన న్యూరాన్లే నిద్రలో అదే వరసని మళ్లీ నడిపించుకుంటాయి. పరీక్ష ముందు జాగారం చేశావని తెలిసిందో, అక్కడికొచ్చి మరీ తిడతాను.

సంక్రాంతికి వస్తావుగా, ఆనకట్ట సంగతి అడుగుతా. పుస్తకం అక్కడే వదిలేసి రా.

మీ మావయ్య