రెండింట్లోనూ 4050 కార్డే, మరి ధరలో అంత తేడా ఎందుకు?

మీ ప్రశ్న ఇదీ: కడప ఏడురోడ్ల దగ్గర షాపులో ఎంఎస్ఐ సైబోర్గ్ 15, లెనోవో ఎల్‌ఓక్యూ అనే గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చూశారు. రెండింటి మీదా ఆర్‌టీఎక్స్ 4050 (ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు) అనే ఉంది, ధర మాత్రం వేరు. తమ్ముడి బీటెక్‌కూ గేమ్స్‌కూ ఏది తీసుకోవాలి?

తేడా అంతా వాట్లలో ఉంది. ల్యాప్‌టాప్ 4050కి 35 నుంచి 115 వాట్ల దాకా ఎంత కరెంటు ఇవ్వాలో ఎన్విడియా ఆయా కంపెనీలకే వదిలేసింది. సైబోర్గ్ 15లో ఇచ్చేది 45 వాట్లు, ఎల్‌ఓక్యూ 15ఐఆర్‌ఎక్స్9లో 105. స్టిక్కర్ ఒకటే అయినా గేమ్‌లో సెకనుకు వచ్చే ఫ్రేములు (బొమ్మలు) ఒకటి కావు. ఇదివరకు తక్కువ వాట్ల చిప్ పేరు పక్కన మ్యాక్స్-క్యూ అని ఉండేది, చూడగానే తెలిసిపోయేది. 2021లో 30 సిరీస్ కార్డులతో ఆ గుర్తు పేరులోంచి పోయింది. ఇప్పుడు స్పెసిఫికేషన్ పేజీలో టీజీపీ (గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే మొత్తం వాట్లు) అన్న లైను మనమే వెతుక్కోవాలి.

ఇక పేర్ల సంగతి. దాదాపు ప్రతి కంపెనీకీ రెండు మెట్లుంటాయి. ఏసుస్‌కు టఫ్, దాని పైన ఆర్‌ఓజీ. లెనోవోకు ఎల్‌ఓక్యూ (2023లో ఐడియాప్యాడ్ గేమింగ్ స్థానంలో వచ్చింది), పైన లీజియన్. హెచ్‌పీకి విక్టస్, ఒమెన్. ఏసర్‌కు నైట్రో, ప్రెడేటర్. డెల్‌కు మొన్నమొన్నటిదాకా జీ సిరీస్ ఉండేది, పైన 2006లో కొనుక్కున్న ఏలియన్‌వేర్. ఎంఎస్ఐ ఒక్కటే థిన్, సైబోర్గ్, కటానా, వెక్టర్, రైడర్, టైటాన్ అంటూ చాలా మెట్లు పెట్టింది. ఈ పేర్లు చెప్పేది ముఖ్యంగా బాడీ, ఫ్యాన్లు, స్క్రీన్ గురించే, చిప్ గురించి కాదు. పై మెట్టులోనూ జాగ్రత్త అవసరం. ఆర్‌ఓజీలో స్ట్రిక్స్ లావుగా ఉంటుంది, జెఫిరస్ పలచగా. జెఫిరస్‌కు పెట్టే అదనపు డబ్బులో పెద్ద వాటా ఆ పలచదనానికే పోతుంది.

అసలు సమాచారం అడుగున లేబుల్ మీది కోడ్‌లో ఉంటుంది. 15ఐఆర్‌ఎక్స్9లో 15 అంటే స్క్రీన్, ఐ అంటే ఇంటెల్, ఆర్ అంటే రాప్టర్ లేక్ (ఇంటెల్ చిప్ కుటుంబం పేరు), ఎక్స్ అంటే హెచ్‌ఎక్స్ అనే ఎక్కువ శక్తి ఉన్న తరగతి ప్రాసెసర్, 9 అంటే లెనోవో మోడల్ జనరేషన్. ఇందులో గ్రాఫిక్స్ కార్డు ఊసే లేదు! ఇదే కోడ్‌తో 4050 వస్తుంది, 4060 కూడా వస్తుంది. కాబట్టి లెనోవో అయితే 83తో మొదలయ్యే పూర్తి పార్ట్ నంబర్ వెతికి చూడాలి. ఎంఎస్ఐ కోడ్‌లో కార్డు కూడా తెలుస్తుంది: బీ13వీఎఫ్‌కే అంటే 13వ జనరేషన్ ఇంటెల్, వీ అంటే 40 సిరీస్ కార్డు, ఎఫ్ అంటే 4060. ఎఫ్ ఉన్నచోట ‘ఈ’ (E) అక్షరం ఉంటే 4050. ఏసుస్ టఫ్‌లో ఎఫ్ఏ507ఎన్‌యూ అంటే 4050, ఎన్‌వీ అంటే 4060. చాలామంది తడబడేది ఇక్కడే: టఫ్‌లో ఎఫ్ఏ అంటే ఏఎండీ ప్రాసెసర్, హెచ్‌పీ విక్టస్ 15లో అదే ఎఫ్ఏ అంటే ఇంటెల్, ఏఎండీ అయితే ఎఫ్‌బీ.

ప్రాసెసర్ నంబరూ చూడండి. ఏఎండీ రైజెన్ 7 7435హెచ్‌ఎస్‌లో మూడో అంకె 3, అంటే లోపలున్నది జెన్ 3+ అనే పాత డిజైన్. పైగా దాంట్లో సొంత గ్రాఫిక్స్ లేదు. నోట్స్ రాసుకున్నా పెద్ద కార్డే పనిచేస్తుంది, ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది. క్లాసులో ప్లగ్ దొరకదనుకుంటే నేనైతే దాన్ని వద్దంటాను.

షాపులోనే రెండు పనులు చేయండి. ఛార్జర్ ఇటుక మీద అవుట్‌పుట్ చదవండి: 20 వోల్టులు, 6 ఆంపియర్లు ఉంటే 120 వాట్లు. ఆ ఛార్జర్‌తో 105 వాట్ల కార్డు పూర్తి పవర్‌తో నడవదు, ప్రాసెసర్‌కూ స్క్రీన్‌కూ కలిపి మిగిలేది 15 వాట్లే. 20 వోల్టులు, 8.5 ఆంపియర్లు అంటే 170 వాట్లు, ఇది సరిపోతుంది. తర్వాత డిస్‌ప్లే పీస్‌లో ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, కింద ఎడమవైపు సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కించండి. మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని అక్కడే ఉంటుంది. షాపతను ఏం చెప్పినా ఆ అంకెనే నమ్మండి.

మీ రెండింట్లో ఎల్‌ఓక్యూ తీసుకోండి. మే నెలలో కడపలో ఎండ 40 దాటుతుంది, ఏసీ లేని గదిలో లావు బాడీయే నిలబడుతుంది. వెనకవైపు వేలెడు ఎత్తు పెట్టండి, పరుపు మీద పెట్టి ఆడనివ్వకండి.