బోరు లేని నల్లరేగడిలో రబీకి హైబ్రిడ్ జొన్న వేయొచ్చా?

మీరు అడిగింది ఇదీ: మూడెకరాల నల్లరేగడి ఉంది, బోరు లేదు, ఈ రబీకి శనగ మానేసి జొన్న వేద్దామనుకుంటున్నారు. తెనాలి వైపు ఎకరాకు 30 క్వింటాళ్లు దిగిన హైబ్రిడ్ పేరు ఎవరో చెప్పారు. అదే తెచ్చి వేయమంటారా అని.

వద్దండి. ఆ పని నేను చేసి చూశాను.

మాది కోవెలకుంట్ల వైపు పల్లె, అత్తగారిది తెనాలి దగ్గర. పెళ్లైన కొత్తలో ఒక డిసెంబర్ నెలాఖరుకి అక్కడికి వెళ్తే మా బావమరిది జొన్న వేయిస్తున్నాడు. వరి కోసిన దుబ్బులు అలాగే ఉన్నాయి. దున్నలేదు, గొర్రు తోలలేదు. కాలు పెడితే మడమ దిగేంత పదును, అంటే నేలలో తడి. తాడు లాగి పట్టుకుని, ఆడవాళ్లు కర్రతో గుంట పొడిచి రెండేసి గింజలు వేసుకుంటూ పోతున్నారు. అదివరకు ఆ పొలాల్లో వరి తర్వాత మినుము చల్లేవారట. ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు, పైరును చుట్టుకుని పీల్చే బంగారుతీగ అనే కలుపు వల్ల విసిగిపోయి చాలామంది మొక్కజొన్నకు, జొన్నకు మారారు. ఏప్రిల్‌లో కోతకు మళ్లీ వెళ్లాను. ఎకరాకు 28 క్వింటాళ్లు తూగింది. మా ఊళ్లో ఏడెనిమిది వస్తే గొప్ప. నాకు నోట మాట రాలేదు. ఖాళీ విత్తనం సంచి మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఆ అక్టోబర్‌లో రెండెకరాల్లో అదే వేశాను. మొలక బ్రహ్మాండంగా వచ్చింది. నెలకల్లా చేను ఒక్క ఎత్తున కోసినట్టు నిలబడితే దారిన పోయేవాళ్లు ఆగి రకం పేరు అడిగారు. డిసెంబర్ సగానికి కంకులు బయటపడ్డాయి. అప్పటికి రేగడిలో నెర్రెలు అరచేయి దూరేంత విచ్చుకున్నాయి. సంక్రాంతి పోయాక పొద్దున చేనికి వెళ్తే గాలి లేకుండానే మొక్కలు పడిపోయి ఉన్నాయి. ఒకదాన్ని పీకి, మొదట్లో రెండో కణుపు దగ్గర కొడవలితో చీల్చి చూశాను. లోపల బెండు లేదు. పీచు మాత్రం దారాల్లా మిగిలింది, దాని మీద నల్లటి పొడి. వేలితో రాస్తే మసి అంటినట్టు అంటుకుంది.

దాన్ని మసికుళ్లు తెగులు అంటారు. ఆ బూజు మన నేలలో ఎప్పుడూ ఉండేదే. పూత దాటి గింజ పాలు పోసుకునే రోజుల్లో పైరుకు నీళ్లు అందకపోతే అప్పుడు కాండంలోకి ఎక్కుతుంది. కంకి ఎంత పెద్దదైతే లాగుడు అంత ఎక్కువ, పైరు అంత త్వరగా పడిపోతుంది. అంటే తెనాలిలో 28 క్వింటాళ్లు ఇచ్చిన గుణమే మా చేలో దాని కొంప ముంచింది. అక్కడ పూతకు, పాలకు సమయం చూసి తడులు పెట్టారు. మాకు నేలలో దాచుకున్న పదును తప్ప ఇంకేమీ లేదు.

రెండెకరాలకు కలిపి 7 క్వింటాళ్లు, అదీ నొక్కు గింజ. గట్టు అవతల మా పెదనాన్న ఇంట్లో దాచిన మాల్దండి విత్తనం, అదే ఎం 35-1, వేశాడు. ఎకరాకు 6 క్వింటాళ్లు తీశాడు. పైగా ఆయనకు నిలువెత్తు చొప్ప. నాకు పొట్టి చొప్ప, అది కూడా సగం నేలపాలు. ఎద్దులున్న ఇంట్లో ఆ నష్టం గింజ నష్టానికి తీసిపోదు.

అందుకని సంచి మీద రాసిన దిగుబడిని నేనిప్పుడు చూడను. విత్తిన రోజు నుంచి లెక్కేసి, పూత ఏ వారంలో పడుతుంది, ఆ వారానికి నేలలో పదును ఉంటుందా, ఆకాశంలో వాన ఉంటుందా అనే చూస్తాను.

1964లో వచ్చిన సీఎస్‌హెచ్-1 మొదలుకొని ప్రభుత్వం విడుదల చేసిన హైబ్రిడ్లలో ఎక్కువ ఖరీఫ్‌వే. రబీకి పనికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పేరు చివర ‘ఆర్’ ఉంటే రబీది అని గుర్తు: సీఎస్‌హెచ్-15ఆర్, సీఎస్‌హెచ్-19ఆర్ లాంటివి. ఖరీఫ్ హైబ్రిడ్‌ను రబీలో వేస్తే పదును ఒక్కటే కాదు, చలి కూడా దెబ్బతీస్తుంది. రాత్రిళ్లు బాగా చల్లబడే ప్రాంతాల్లో పుప్పొడి సరిగా తయారుకాక కంకిలో గింజ పట్టదు.

ఖరీఫ్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ నీళ్లు ఎక్కువవడమే సమస్య. నాగర్‌కర్నూల్ వైపు ఎర్ర చెలకలో వ్యవసాయం చేసే మిత్రుడొకడు తొందరగా చేతికొస్తుందని వంద రోజుల హైబ్రిడ్ జూన్ మధ్యలో వేశాడు. సెప్టెంబర్ ఆఖరుకు గింజ గట్టిపడింది, సరిగ్గా అప్పుడే వారం రోజులు ముసురు. తెల్లగా ఉండాల్సిన గింజ నలుపు, గులాబీ రంగు బూజు పట్టి కోళ్ల దాణా రేటుకు పోయింది. అలాంటి చోట గింజ బూజును కొంత తట్టుకుంటుందని పేరున్న సీఎస్‌హెచ్-16 లాంటిది, 105-110 రోజులది నయం. కోతకు వానలు వెనకబడాలి. అలాగని మరీ ఆలస్యం చేసినా కుదరదు, విత్తడం జూలై సగం దాటితే మొవ్వు ఈగ (దాని పురుగు లేత మొక్క నడి మొవ్వును తినేస్తుంది) చేను పడుతుంది. పక్కవాళ్లంతా విత్తినప్పుడే విత్తితే ఆ ఈగ నలుగురికీ పంచుకుపోతుంది, పిట్టలూ అంతే. ఊరంతటికీ ముందు మీ ఒక్క చేనే పాలకొస్తే ఊళ్లో పిచుకలన్నీ మీవే.

(మొవ్వు చచ్చిన లేత జొన్నలోకి, బెట్టకు వాడిన జొన్నలోకి పశువులను వదలకండి. అందులో విషం ఎక్కువగా ఉంటుంది. మా పక్కింటి బర్రె అలాగే పోయింది.)

ఇక మీ పొలం సంగతి. మీరు రాయనిది, నాకు ముఖ్యంగా కావలసింది ఒకటుంది: రేగడి ఎంత లోతు? నల్లగా ఉన్న ప్రతి నేలా ఒకటి కాదు. రబీ జొన్నకు పేరున్న షోలాపూర్ వైపు మహారాష్ట్ర వాళ్లు లోతును బట్టే రకాలు విడదీశారు. తేలిక నేలకు ఫూలే అనురాధ, మధ్యస్థానికి ఫూలే సుచిత్ర, లోతు నేలకు ఫూలే వసుధ, ఫూలే యశోద. ఆ యశోదే మన దగ్గర సీఎస్‌వీ-216ఆర్ అనే పేరుతో దొరుకుతుంది. ఇవి హైబ్రిడ్లు కావు, సూటి రకాలు, విత్తనం మనమే దాచుకోవచ్చు. హైబ్రిడ్‌ గింజ దాచి వేస్తే మరుసటేడు పొట్టీ పొడుగూ కలిసిపోయి చేను చూడలేం. మూడడుగులు దాటిన మంచి రేగడి అయితే సీఎస్‌హెచ్-15ఆర్‌ను నేను కాదనను. రెండడుగుల లోపు సుద్ద, అంటే రేగడి కింద ఉండే తెల్లటి సున్నపు పొర, తగిలితే ఏ హైబ్రిడ్ జోలికీ వెళ్లకండి. మాఘీలో, అంటే సెప్టెంబర్ తొలి రోజుల్లోనే విత్తుకునే వీలుంటే నంద్యాల తెల్లజొన్న రకాల గురించి కూడా అక్కడి పరిశోధన స్థానంలో అడగండి. ఒకసారి మాఘీలో వాటిలో ఒకటైన ఎన్‌టీజే-5 వేశాను, నిరాశపరచలేదు.

రకం ఏదైనా మొక్కలు తగ్గించండి. ఖరీఫ్‌లో ఎకరాకు 72 వేల మొక్కలు ఉంచితే, బోరు లేని రబీకి 54 వేలు చాలు. నేను ఆ ఏడు చేసిన రెండో తప్పు అదే. తెనాలిలో చూసిన ఒత్తు ఇక్కడా ఉంచాను, ఉన్న కాస్త పదునూ పూతకు ముందే అయిపోయింది. మొవ్వు ఈగ రాకుండా విత్తనానికి కిలోకు 3 గ్రాముల థయోమిథాక్సామ్ అనే పురుగుమందు పట్టించడం మాత్రం మానకండి.

ధర గురించి కూడా అడిగారు. 2025-26కు మద్దతు ధర హైబ్రిడ్‌కు క్వింటా 3,699, మాల్దండికి 3,749. కాగితం మీద తేడా 50 రూపాయలే. రొట్టెకు కొనేవాళ్లు ఇంటికొచ్చి అడిగితే మాత్రం మా దగ్గర మాల్దండి గింజకు అంతకు చాలా ఎక్కువే పలుకుతుంది. మా అమ్మ హైబ్రిడ్ పిండితో రొట్టె తట్టి, అంచులు చీలుతున్నాయని ఇప్పటికీ నన్నే తిడుతుంది.

ఒక పని చేయండి. చేలో మూడు చోట్ల గడ్డపారతో గుంట తవ్వి, సుద్ద ఎంత లోతున తగిలిందో, విత్తడం ఏ కార్తెలో వీలవుతుందో ఇక్కడే రాయండి. రకం పేరు అప్పుడు చెబుతాను.