గుణుపురం బయల్దేరే ముందు చదువుకో

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

గుణుపురం హాస్టల్లో వైఫై లాగిన్ పేజీ నిదానంగా వస్తోందని, బాగుచేయడానికి నిన్నొక్కదాన్నే పంపుతున్నారని మీ అమ్మ చెప్పింది. వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కేబుళ్లు, పోర్టు లైట్లు చూడు. ఏదైనా మార్చేముందు కాన్ఫిగ్, అదే సెట్టింగుల కాపీ తీసుకో. ఇవి నీకు తెలిసినవే.

2016లో రాయగడలో ఒక హాస్టల్‌కి వెళ్ళాను. ఇదే జబ్బు. ఫోన్‌కి ఐపీ, అదే నెట్‌వర్క్ నంబర్, వస్తుంది, తెల్ల తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, అర నిమిషానికి గానీ పేజీ రాదు. నెట్ కేబుళ్లన్నీ కలిపే స్విచ్ పాతబడిందని తేల్చేశాను. వార్డెన్ నన్ను నమ్మి, పిల్లల దుప్పట్లకు దాచిన డబ్బుతో కొత్తది కొన్నాడు. బిగించాను. మళ్ళీ అదే అర నిమిషం! నడుం పడిపోయేదాకా కేబుళ్లు మార్చాను. మెట్ల మీద కూర్చున్న కుర్రాడొకడు ఒడియా మర్యాదతో, "ఆజ్ఞా, సైటు పేరు కాకుండా దాని ఐపీ నంబర్ కొడితే వెంటనే వస్తోంది" అన్నాడు. నాకు ముచ్చెమటలు పోశాయి. ఫోన్లకు ఐపీలు పంచే డీహెచ్‌సీపీ ఇస్తున్న రెండు డీఎన్‌ఎస్ (సైటు పేరును నంబర్‌గా మార్చి చెప్పేది) అడ్రసుల్లో మొదటిది ఎప్పుడో పీకేసిన సర్వర్‌ది. ఫోన్ దాన్నే అడిగి, కొన్ని సెకన్లు ఆగి, మళ్ళీ అడిగి, అప్పుడు రెండోదాని దగ్గరికి పోతోంది. పేరు తేలితేగానీ ఫోన్ పేజీ అడగదు, అడిగితేగానీ స్విచ్ దాన్ని పట్టి లాగిన్ పేజీకి మళ్ళించలేదు. ఒక్క లైను మార్చాను, అంతే. కొత్త స్విచ్ మహిమేనని వార్డెన్ టీ ఇప్పించాడు. నోరు మూసుకుని తాగాను. ఆ చలికాలం పిల్లలు పాత దుప్పట్లే కప్పుకున్నారు.

అందుకని ముందు డీఎన్‌ఎస్. లాగిన్ కాకముందు డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్ళే 53 పోర్టు తెరిచి ఉంచారో లేదో కూడా చూడు. ఎవరితోనూ ఏమీ కొనిపించకు, ఒట్టు!

ఆ తర్వాత హెచ్‌టీటీపీఎస్, అదే తాళం వేసిన వెబ్ రాకపోకలు. చాలా స్విచ్‌లలో మళ్ళింపు భారం లోపలి చిన్న సీపీయూ మీదే పడుతుంది. వంద ఫోన్లలో యాప్‌లు వెనకాల హెచ్‌టీటీపీఎస్ పోర్టు 443ని తడుతూ ఉంటే దానికి ఊపిరాడదు, పైగా సర్టిఫికెట్ సరిపోలేదన్న హెచ్చరికల గోల. తాళం లేని మామూలు వెబ్ పోర్టు 80ని మళ్ళిస్తే చాలు. లాగిన్ పేజీ ఉందేమోనని ఫోన్లు తమంతట తామే 80లో అడిగి చూసుకుంటాయి. సీపీయూ లెక్క మధ్యాహ్నం చూడకు, పిల్లలు గదులకు చేరాక చూడు.

అలాగని చీకటి పడేదాకా ఉండిపోకు. నా చిన్నప్పుడు మీ తాత నన్ను గుణుపురం చిన్నరైల్లో తీసుకెళ్ళేవాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టానని ఒక దెబ్బ, ఆ వెంటనే వేరుశనక్కాయలు. ఆ నేరోగేజీ 2004లో ఆగిపోయింది. ఇప్పటిది పెద్ద రైలే అయినా కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. నవ్వుకో, ఫరవాలేదు.

పని అవగానే ఫోన్ చెయ్యి. డీఎన్‌ఎస్సేనా కాదా ముందు చెప్పు, తిన్నావో లేదో తర్వాత. కాదులే, తిన్నావో లేదో ముందు చెప్పు.

మీ మామయ్య