రేడియో అయోడిన్ తీసుకుని రెండు నెలలు కావస్తున్నా టీఎస్‌హెచ్ 0.01 దగ్గరే ఉంది, డోసు పనిచేయనట్టేనా?

ఫ్రీ టీ4 (రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎంతుందో చెప్పే పరీక్ష) నార్మల్‌లోకి వచ్చిందనీ, టీఎస్‌హెచ్ మాత్రం 0.01 నుంచి కదలలేదనీ రాశారు. పైగా నీరసం, బరువు పెరగడం, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం. ఇవి హార్మోను పడిపోతున్నప్పుడు కనిపించేవే, అన్నీ కలిపి చూస్తే డోసు పనిచేస్తోందనే నాకనిపిస్తోంది. నేను డాక్టర్ని కాదండీ. గ్రేవ్స్ వ్యాధికి (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) హైదరాబాద్‌లో ఇదే వైద్యం చేయించుకుని, సరిగ్గా ఈ దశలోనే చాలా టెన్షన్ పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

ఈ కొన్ని నెలలు ఒక్క టీఎస్‌హెచ్ చూసి ఏదీ తేల్చుకోకండి. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను. అది థైరాయిడ్ నుంచి రాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. ఒంట్లో థైరాయిడ్ హార్మోను ఎక్కువైనన్నాళ్లూ ఆ గ్రంథి టీఎస్‌హెచ్ తయారీని దాదాపు ఆపేసి కూర్చుంటుంది. హార్మోను తగ్గాక మళ్లీ మొదలుపెట్టడానికి దానికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ఈలోగా టీ4 నార్మల్ దాటి కిందికి జారిపోయినా సరే, టీఎస్‌హెచ్ మాత్రం పాత లెక్కే చూపిస్తుంది. రిపోర్టులో ఆ అంకె పక్కన ఎర్రగా ‘లో’ అని ఉంటుంది కాబట్టి మన కళ్లు ముందు దాని మీదే పడతాయి.

నా కళ్లే కాదు, మా ఊళ్లో చూసిన డాక్టరు కళ్లూ దాని మీదే పడ్డాయి. మాది రాజమండ్రి. పరీక్షలు అక్కడే చేయించుకుని హైదరాబాద్‌కు ఫోన్‌లో పంపేదాన్ని. ఒకసారి ఇక్కడే చూపిస్తే పోలా అని వెళ్తే, ఆయన టీఎస్‌హెచ్ చూసి “ఇంకా హైపరే ఉందమ్మా” అని, అంటే హార్మోను ఇంకా ఎక్కువే ఉందని, కార్బిమజోల్ (హార్మోను తయారీని తగ్గించే మాత్ర) మళ్లీ రాసిచ్చారు. అప్పటికే నా ఫ్రీ టీ4 నార్మల్ రేంజిలో అట్టడుగున ఉంది. దాని మీద ఆ మాత్ర వేసుకుంటే ఏమవుతుందో ఊహించండి. మే నెల రాజమండ్రి ఎండల్లో నేను ఫ్యాను ఆపమనేదాన్ని. ఇంట్లో వాళ్లకు జ్వరమేమోనని అనుమానం. హైదరాబాద్‌లో నాకు వైద్యం చేసిన డాక్టరు మేడమ్ రిపోర్టు చూసి కార్బిమజోల్ వెంటనే ఆపించి, టీ4 ఇంకా పడ్డాక థైరాక్సిన్ (తక్కువైన హార్మోనును భర్తీ చేసే మాత్ర) మొదలుపెట్టారు. అప్పటికి కూడా టీఎస్‌హెచ్ తక్కువే ఉంది! “తక్కువ ఉంటే ఈ మాత్ర ఇవ్వరు కదండీ” అని మెడికల్ షాపతను చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. మామూలు థైరాయిడ్ కేసులకు అతను చెప్పింది నిజమే. మనది మామూలు కేసు కాదు, అంతే.

ఇక డోసు పూర్తిగా పనిచేయడానికి ఎన్నాళ్లు అన్న మీ ప్రశ్న. మనకిచ్చే రేడియో అయోడిన్, అంటే అయోడిన్-131, సగం ఆయుర్దాయం (సగానికి తగ్గడానికి పట్టే సమయం) ఇంచుమించు 8 రోజులు. అంటే రెండు నెలలకు మొదట ఉన్నదాంట్లో నూరో వంతు కూడా మిగలదు. (అయినా మా పక్కింటావిడ వాళ్ల పాపను మూడో నెలలో కూడా మా గుమ్మం తొక్కనివ్వలేదు, అది వేరే సంగతి.) రేడియేషన్ పోయినా, దెబ్బతిన్న కణాలు ఒక్కసారిగా చావవు, మెల్లగా రాలిపోతుంటాయి. అందుకే మొదటి పరీక్ష ఒకటి రెండు నెలలకు చేసి, ఆ తర్వాత 4 నుంచి 6 వారాలకోసారి చూస్తారు. థైరాయిడ్ హార్మోను మరీ తగ్గిపోవడం కొందరిలో నాలుగో వారం నుంచే మొదలవుతుంది గానీ, ఎక్కువ మందిలో 2 నుంచి 6 నెలల మధ్య జరుగుతుంది. 6 నెలలు దాటినా హైపర్ అలాగే ఉంటేనే సాధారణంగా రెండో డోసు మాట వస్తుంది. మీరు ఇంకా ఆ దరిదాపుల్లో కూడా లేరు.

మొదటి వారాల్లో దడ పెరిగిందని కూడా రాశారు. అది నాకూ జరిగింది. థైరాయిడ్‌లో తయారైన హార్మోను నిల్వ ఉంటుంది. గాదె గోడ కూలితే గింజలు బయటపడ్డట్టు, కణాలు దెబ్బతినగానే ఆ నిల్వంతా రక్తంలోకి వస్తుంది. అందుకే ఆ రోజుల్లో దడ తగ్గించే ప్రొప్రనొలాల్ లాంటివి కొనసాగిస్తారు. ఆస్తమా ఉంటే మాత్రం అది పడదు, ముందే చెప్పాలి. విపరీతమైన దడతో పాటు జ్వరం, వాంతులు, మాట తడబడటం లాంటివి ఎప్పుడైనా కనిపిస్తే రిపోర్టుల కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. అరుదే, కానీ ప్రమాదం.

పరీక్షల విషయంలో ఇంకో మాట. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు గానీ వేసుకుంటున్నారా? మనలో చాలామంది వేసుకుంటారు. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. అంటే రిపోర్టు అచ్చం గ్రేవ్స్‌లాగే వస్తుంది! పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్ని అడగండి. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు వెళ్లండి. ఫ్రీ టీ4ను ఒకచోట నానోగ్రాముల్లో, ఇంకోచోట పికోమోల్స్‌లో ఇస్తారు. 1.2 కాస్తా తర్వాతి రిపోర్టులో 15 అయిందని మా ఆయన ఓ రాత్రంతా నిద్రపోలేదు. రెండూ దాదాపు ఒకటే.

బరువు గురించి నిజం చెప్పాలంటే, హైపర్‌లో పోయిన కిలోలు చాలావరకు తిరిగొస్తాయి. ఆకలి మాత్రం పాత అలవాటు మీదే ఉంటుంది కాబట్టి ఇప్పటినుంచే చూసుకోవడం మేలు. పిక్కలు పట్టేయడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. హార్మోను వేగంగా పడిపోతున్నప్పుడు అలా జరుగుతుంది.

థైరాక్సిన్ మొదలుపెడితే దిగులు పడకండి. గ్రేవ్స్‌కు రేడియో అయోడిన్ ఇచ్చేదే చాలావరకు గ్రంథిని పనిచేయని స్థితికి తేవడానికి. పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, కుదిరితే గంట ఆగండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. డోసు మార్చినప్పుడు 6 నుంచి 8 వారాలు కాకుండా మళ్లీ పరీక్ష చేయించి కంగారుపడటం వల్ల లాభం లేదు, ఆ మందు ఒంట్లో కుదురుకునేదే నెమ్మదిగా. ఇంకొకరి డోసుతో పోల్చుకోవద్దు. మా తోడికోడలికి 25 మైక్రోగ్రాములు చాలు, నాకు 100 కావాలి. ఆవిడ గ్రంథి ఇంకా కొంత పనిచేస్తోంది, నాది చేయట్లేదు.

కళ్లు ఉబ్బడం, ఎర్రబడటం, ఒకటి రెండుగా కనబడటం మొదలైతే కంటి డాక్టరుకు వెంటనే చూపించండి. ఈ వైద్యం తర్వాత కొందరికి, ముఖ్యంగా పొగతాగేవాళ్లకు, కంటి సమస్య పెరుగుతుంది. హార్మోను బాగా పడిపోయినా మందు వేయకుండా వదిలేస్తే కూడా అంతే. పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటుంటే కనీసం 6 నెలలు ఆగమంటారు, లెవెల్స్ కూడా కుదురుకోవాలి.

మీరు టీ3 (ఇంకో థైరాయిడ్ హార్మోను) ఎంతుందో రాయలేదు. కొందరికి టీ4 నార్మల్‌గా ఉన్నా టీ3 ఎక్కువగానే ఉంటుంది. అప్పుడు నేను పైన డోసు పనిచేస్తోందన్నది మీకు వర్తించకపోవచ్చు. చేయించి ఉంటే ఆ అంకె, ల్యాబ్ ఇచ్చిన రేంజి రెండూ కింద పెట్టండి. చేయించకపోతే, వచ్చే పరీక్షలో టీ3 కూడా రాయమని మీ డాక్టర్ని అడగండి.