కలబంద ఆకులు మెత్తబడుతున్నాయంటే ముందు వేర్లు చూడండి

రోజూ నీళ్లు పోస్తున్నా కలబంద అడుగు ఆకులు పసుపు తిరిగి మెత్తబడుతున్నాయని, ఎరువు వేయాలా అని అడిగారు కదండీ. ఇప్పుడు ఎరువు జోలికి వెళ్లకండి. ఇవి నీళ్లు ఎక్కువైన లక్షణాలు. నీళ్లు చాలకపోతే ఆకు పలచబడి లోపలికి ముడుచుకుంటుంది, ఇలా మెత్తబడదు.

ఈ రోజే మొక్కను కుండీలోంచి తీసి, మట్టి దులిపి వేర్లు చూడండి. గట్టిగా, లేత రంగులో ఉన్నవి మంచివి. నల్లబడి, వేళ్లతో పట్టుకోగానే పైతొక్క జారిపోయి లోపల దారంలాంటి పోగు మిగిలితే ఆ వేరు కుళ్లినట్టే. అలాంటివన్నీ శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, మెత్తబడ్డ ఆకులూ తీసేసి, మొక్కను రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. మట్టి లేకపోతే చచ్చిపోతుందేమోనని టెన్షన్ వద్దు, ఆకుల్లోనే నీళ్లు దాచుకునే మొక్క అది. కోసిన చోటు ఆరకముందే నాటితేనే ప్రమాదం.

తర్వాత అడుగున చిల్లున్న మట్టికుండీలో ఎర్రమట్టి, ముతక ఇసుక సగం సగం కలిపి నాటండి. వారం దాకా నీళ్లు వద్దు. ఆపైన మట్టిలోకి రెండు అంగుళాలు వేలు దించి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. కింది ప్లేటులో నీళ్లు నిలవనివ్వకండి. కోలుకున్నాక ఉదయపు ఎండకు మెల్లగా అలవాటు చేయండి.

కాండం మొదలు కుళ్లినా, పైభాగం గట్టిగా ఉంటే కుళ్లు పోయేదాకా కోసి, ఇలాగే ఆరబెట్టి నాటొచ్చు. పిలకలుంటే వేరుతో సహా విడదీసి వేరే కుండీలో పెట్టండి. ఒట్టి ఆకు గుచ్చితే మాత్రం సాధారణంగా వేరు పట్టదు.